ఇంజను కూర్చున్న చోటు

ఆ మధ్య కొన్నాళ్ళు నేను తెల్లారీ తెల్లారకముందే లేచి షెడ్డుకి పరిగెత్తేవాణ్ణి. మా ఆవిడ నోట్లో బ్రష్షు పెట్టుకునే అడిగేది.

"ఏవండీ, ఇంత పొద్దున్నే అక్కడ మీకోసం ఎవరు కాచుక్కూర్చున్నారు?"

"పైపులు."

"పైపుల కోసమేనా తల దువ్వుకుంటున్నారు?"

దువ్వుకోడానికి నా తల మీద పెద్దగా మిగిలిందేమీ లేదు, అది వేరే సంగతి. అసలు సంగతి ఆమెకి చెప్పలేకపోయేవాణ్ణి. చెబితే అక్కకి చేరుతుంది, అక్కకి చేరితే బావకి చేరుతుంది. నిన్న బావ వేసిన వెల్డింగును, ఇవాళ ఆయన వచ్చేలోపల నేను కోసి, అరగదీసి, మళ్ళీ వెయ్యాలి. అదీ నా పొద్దుటి పని.

బావ అంటే మా అక్క మొగుడు. నేను బడి మానేసి రోడ్ల మీద తిరుగుతుంటే చొక్కా పట్టుకుని షెడ్డుకి లాక్కొచ్చి, వెల్డింగు టార్చి చేతికిచ్చినాయన. నాది ఎడంచేతివాటం. వేరే మేస్త్రీలైతే చెయ్యి మార్చుకోమని మొట్టేవాళ్ళు. బావ నా ఎదురుగా నిలబడి, అద్దంలో బొమ్మలాగా, నా ఎడంచేతికి ఎదురుగా తన కుడిచెయ్యి కదుపుతూ నేర్పాడు.

పాత స్పోర్ట్స్ కార్లకి హెడర్లు చెయ్యడం మా పని. అంటే ఇంజను పొగ బయటికొచ్చే నోళ్ళ దగ్గర బిగించే పైపులు. కంపెనీవాళ్ళు అక్కడ పోత ఇనుముతో ఓ మొద్దు దిమ్మ పెట్టి వదిలేస్తారు. నాలుగు సిలిండర్ల పొగా అందులోనే పడి తోసుకుంటుంది, సినిమా వదిలాక ఒకటే గేటు తెరిస్తే జనం తోసుకున్నట్టు. మేం ఆ దిమ్మ పీకేసి, నాలుగు నోళ్ళకీ నాలుగు పైపులు, అన్నీ ఒకే పొడుగువి, ఒంపులు తిప్పి కిందెక్కడో ఒకచోట కలుపుతాం. ఎవరి దారి వాళ్ళది. పొగ తేలిగ్గా పోతే ఇంజను తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటుంది, కాస్త బలం పెరుగుతుంది. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి మాత్రం నడుం పడిపోతుంది.

ఆ పైపు పల్చటి స్టీలు. టార్చి ఒక్క క్షణం ఎక్కువ నిలిచిందా, చిల్లు పడుతుంది. లేదంటే కరిగింది లోపలికి కారి గడ్డకడుతుంది. పైకి ఏమీ కనబడదు, లోపల మాత్రం పొగకి అడ్డం. బావ వెల్డింగు వేస్తే మిషను మీద కుట్టినట్టుండేది. మేం దాన్ని కుట్టు అనే అంటాం. ఆ చెయ్యి ఇప్పుడు వణుకుతోంది. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాడు. అడిగితే చలంటాడు. పక్కన నేను చెమటలు కక్కుతుంటాను, ఆయనకి చలి.

ఓరోజు, ఇంక టార్చి నాకొదిలెయ్యమని బావతో అందామని, ముందు అక్కకి ఫోన్ చేశాను. అక్క నన్ను మాట పూర్తి చెయ్యనివ్వలేదు.

"ఒరే, ఆ మాట మాత్రం అనకు. మొన్న జ్వరమొచ్చి ఇంట్లో ఉన్నారా, నా వంటింటి తలుపులు రెండూ ఊడదీసి మళ్ళీ బిగించారు. తర్వాత ఊడదీయడానికి ఇంకేమీ దొరక్క గోడకేసి చూస్తూ కూర్చున్నారు. ఆ చూపు నేను చూడలేనురా. ఆ టార్చి ఆయన చేతిలోంచి తీసుకున్నావంటే మనిషి నాకు మిగలడు."

"మరి పని పాడవుతోందే అక్కా."

"నువ్వున్నావుగా."

నేనున్నాను. అందుకే పొద్దున్నే లేస్తున్నాను.

ఆ రోజుల్లోనే పళ్ళ డాక్టరుగారు తన ఎర్రకారు తోలుకొచ్చారు. రెండు తలుపుల పాత కారు, ఎరుపు వెలిసి ఇటుక రంగుకి తిరిగింది. పాత కార్లవాళ్ళంతా కలిసి కొండ మీదికి పందెం పెట్టుకున్నారట. అందులో ఆయన తోడల్లుడు కూడా ఉన్నాడు. ఇద్దరివీ ఒకే రకం కార్లు.

"వాడు ఎక్కడో హెడర్లు పెట్టించుకున్నాడు పెద్దాయనా," అన్నారు డాక్టరుగారు బావతో. "ఫోన్లో ఆ చప్పుడు వినిపిస్తున్నాడు నాకు. ఒకాయన నోట్లో రెండు చేతులూ పెట్టి పన్ను పీకుతుంటే, చెవిలో వాడి కారు!"

"ఎంత బలం పెరగాలంటారు?"

"వాడికంటే ఒక్క గుర్రం ఎక్కువుంటే చాలు. మా అత్తగారు వాడి కారుని కారంటుంది, నాదాన్ని డబ్బా అంటుంది."

"ఇంజను పాతది. హెడరు పెట్టి, కార్బరేటరు సరిచేస్తే కాస్త పెరుగుతుంది. అత్తగారి నోరు మూసేంత పెరుగుతుందని మాత్రం చెప్పలేను," అన్నాడు బావ.

బానెట్టు ఎత్తి, లోపలికి వంగి, ఇంజను కింద అరచెయ్యి పెట్టి చూశాడు. మొహం చిట్లించాడు.

"ఇంజను చతికిలబడింది డాక్టరుగారూ. దీని కింద రబ్బరు దిమ్మలుంటాయి. అవి చితికి, ఇంజను మొత్తం కిందికి దిగి కూర్చుంది. ముందు దిమ్మలు మార్చాలి. ఇంజను లేవాల్సినంత లేచాక, అప్పుడు పైపుల కొలత."

"తిరగని చోటు లేదు. ఆ కంపెనీవాళ్ళే ఈ కారుని మర్చిపోయారు, ఇంక దిమ్మలెక్కడ దొరుకుతాయి?"

బావ కాసేపు ఇంజనుకేసి చూశాడు. "సరే. అయితే ఎలా కూర్చుందో అలాగే కుడదాం. వంగిపోయిన మనిషికి చొక్కా కుట్టినట్టు."

కారుని వదిలేసి డాక్టరుగారు వెళ్ళాక కొలతలు మొదలుపెట్టాం. ఆ ఇంజను పక్కన చోటు బొత్తిగా లేదు. స్టీరింగు రాడ్డు అడ్డంగా దిగుతుంది. మూడో పైపుకి దారెక్కడా కనబడక నేను చేతులెత్తేశాను. బావ ఓ కట్టుతీగ ముక్క తీసుకుని, వంచుతూ, లోపల పెట్టి చూస్తూ, మళ్ళీ వంచుతూ, చివరికి రాడ్డు కిందనుంచి తీసుకుపోయాడు. రాడ్డుకీ పైపుకీ మధ్య వేలు దూరేంత సందు. చెయ్యి వణికినా తీగ వంపు మాత్రం ఎక్కడుండాలో అక్కడే ఉంది. దాన్ని చూసి పైపు ముక్కలు కోసుకుని, కారు మీదే అక్కడక్కడ వెల్డింగు చుక్కలతో అంటించి, తర్వాత విప్పి బల్ల మీద పెట్టుకున్నాం. ఆ బల్ల మీదే బావ పగలంతా కుట్టు వేసేవాడు. నేను పొద్దున్నే వచ్చి విప్పేవాణ్ణి.

పొద్దుటి పని గురించి ఏం చెప్పమంటారు. మెడ పట్టేసేది. కళ్ళలో ఇసుక పోసినట్టుండేది. మళ్ళీ పగలంతా మామూలు పని. సాయంత్రం ఇంటికెళితే మా ఆవిడ అన్నం వడ్డించేలోపు కూర్చున్నచోటే కునుకు పట్టేది. కంచం చప్పుడుకి లేచేవాణ్ణి. ఒక్కటే అదృష్టం, బావ ఈ మధ్య ఆలస్యంగా వస్తున్నాడు. ఒకప్పుడు షట్టరు ఎత్తేది ఆయనే. వయసు మీద పడుతోంది పాపం అనుకునేవాణ్ణి.

అలాంటి ఓ పొద్దున, మూడో పైపు సగం కోసి నా చేతిలో ఉండగా, డాక్టరుగారు తన పాత స్కూటరు మీద దిగారు. చేతిలో అట్టపెట్టె.

"మేస్త్రీ! దొరికాయి! ఎవరో ఇలాంటి కారుని ముక్కలు చేసి అమ్ముతుంటే పట్టుకున్నాను. దిమ్మలు. కొత్తవే, వాడనివి. వేసెయ్యండి."

నా దృష్టంతా వీధి మీదే. బావ వచ్చేస్తే? చేతిలో కోసిన పైపు చూస్తే? "అలాగే, అలాగే, మీరు వెళ్ళండి," అని ఆయన్ని తోసినంత పని చేశాను. పైపు గబగబా ముగించి, ఇంజను కింద జాకీ పెట్టి, పాత దిమ్మలు పీకి కొత్తవి వేసి, పెట్టెని చెత్తలో పడేశాను. అప్పుడే బావ షట్టరు దగ్గర దగ్గాడు.

దిమ్మల సంగతి ఆయనకి చెప్పాలి. చెబితే, డాక్టరు ఎప్పుడొచ్చాడంటాడు. పొద్దున్నే అనాలి. పొద్దున్నే నువ్విక్కడేం చేస్తున్నావురా అంటాడు. తర్వాత చెబుదాంలే అనుకున్నాను. ఆ తర్వాత రానేలేదు. దిమ్మలు మారితే ఇంజను లేస్తుందని నాకు తెలియదని కాదు. ఈ పనిలో చేరినవాడికి మొదట నేర్పే పాఠమే అది. తెలిసిన పాఠమే, నిద్ర చాలని ఆ బుర్రలోకి రాలేదు.

హెడరు బిగించే రోజు డాక్టరుగారు కూడా వచ్చారు. బావ మోకాళ్ళు వంగవు కాబట్టి కారు కిందికి దూరింది నేనే. ఎక్కించేటప్పుడు కొంచెం బిగుతుగా అనిపించింది. నట్లు బిగిస్తే సర్దుకుంటుందిలే అని బిగించేశాను. ఇంజను స్టార్టు చేశాం. పాత గురక పోయింది. గొంతు విప్పినట్టు నిండుగా వచ్చింది చప్పుడు. డాక్టరుగారు మురిసిపోయి తోడల్లుడికి ఫోన్ కలిపి, కారు దగ్గర పెట్టారు.

"విను! డబ్బా అన్నారుగా, విను!"

అంటూ సీట్లో కూర్చుని స్టీరింగు తిప్పారు. కర్రుమంది. ఇనుము ఇనుముని గీరిన చప్పుడు. మళ్ళీ తిప్పితే మళ్ళీ కర్రుమని, స్టీరింగు అక్కడే పట్టేసింది.

"ఏంటి పెద్దాయనా ఇది?" అంటూ ఇంజను ఆపేశారు.

కారు కిందికి దూరి చూశాను. మూడో పైపు స్టీరింగు రాడ్డుకి తగులుతోంది. వేలు దూరేంత సందు ఉండాల్సిన చోట కాయితం కూడా దూరదు. నేను కారు కిందనుంచి పాక్కుంటూ బయటికొచ్చాను. ఒంట్లో ఓపిక లేదు. ఇన్ని పొద్దుల చాకిరీ ఆ ఒక్క చప్పుడుతో బూడిదైపోయినట్టనిపించింది. నోరు జారింది.

"కళ్ళు కనబడకపోతే కొలత నాకొదిలెయ్యొచ్చుగా బావా! ఇన్నాళ్ళూ కుట్టొక్కటే పోయిందనుకున్నా, కొలత కూడా పోయిందా? నువ్వు వేసిందంతా రోజూ పొద్దున్నే వచ్చి కోసి మళ్ళీ వేస్తున్నాను, తెలుసా నీకు? చెయ్యి వణుకుతుంటే ఒప్పుకోవచ్చుగా!"

ఇంజను ఆపి ఉంది. ఆ మాట షెడ్డంతా వినబడింది. డాక్టరుగారి చేతిలో ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది.

బావ నాకేసి కూడా చూడలేదు. కారు దగ్గరికెళ్ళి స్టీరింగు చక్రం కొంచెం తిప్పి, తల వంచి ఆ చప్పుడు విన్నాడు. తర్వాత చేతి తొడుగులు విప్పి, ఒకదాంట్లో ఒకటి దోపి, బల్ల చివర పెట్టాడు.

"సరేలేరా," అన్నాడు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

డాక్టరుగారు ఫోన్ కట్టేశారు. అప్పుడన్నారు, "నా ముందు అనకుండా ఉండాల్సింది మేస్త్రీ." తర్వాత, "నేనిచ్చిన దిమ్మలు వేశారా అసలు?"

అప్పుడు వెలిగింది నాకు.

మళ్ళీ కారు కిందికి దూరాను. నల్లగా నిగనిగలాడుతూ కొత్త దిమ్మలు. వాటి మీద నిటారుగా లేచి కూర్చున్న ఇంజను. దాంతోపాటే లేచి, రాడ్డుకి కిందనుంచి ఆనుకున్న మూడో పైపు. బావ కొలత వెంట్రుకవాసి కూడా తప్పలేదు. కొలిచినప్పుడు ఇంజను ఎక్కడ కూర్చుందో అక్కడికి సరిగ్గా సరిపోయే పైపు చేసి పెట్టాడు. ఇంజనుని లేపింది నేను. చాలాసేపు ఆ నేల మీదే వెల్లకిలా పడుకుండిపోయాను. లేవాలనిపించలేదు.

సాయంత్రం బావ ఇంటికి వెళ్ళాను. అక్క తలుపు దగ్గరే ఆపింది.

"ఏరా, అయిందా ఉద్ధరించడం?"

లోపల బావ నేల మీద పాత దుప్పటి పరుచుకుని టేబులు ఫ్యాను విప్పుకుని కూర్చున్నాడు. రెక్కలొక పక్క, స్క్రూలొక పక్క.

"ఫ్యానుకేమైంది?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కదా అని.

"ఏం కాలేదు. బాగా తిరుగుతోంది. అదే దాని ఖర్మ," అంది అక్క.

నేను ఆయనకి ఎదురుగా కూలబడ్డాను. "బావా, డాక్టరు దిమ్మలు తెచ్చాడు. నేనే మార్చాను, నీకు చెప్పలేదు. నీ కొలత తప్పు కాదు."

"తెలుసు."

"తెలుసా?"

"స్టీరింగు తిప్పాను కదరా. పైపు రాడ్డు కిందనుంచి పోతుంది. ఇంజను దిగితే దూరం జరుగుతుంది, తగలదు. తగిలిందంటే ఇంజను లేచింది. నేను లేపలేదు. ఇంకెవరు లేపుతారు?"

"మరి అక్కడే నా మొహాన కొట్టొచ్చుగా!"

బావ ఓ స్క్రూ తీసి దుప్పటి అంచు మీద నిలబెట్టబోయాడు. నిలబడలేదు. వదిలేశాడు.

"కొలత సంగతి నువ్వన్నది అబద్ధం. చెయ్యి సంగతి నిజమేగా. సగం నిజం ఉన్నప్పుడు ఏమని కొట్టను?"

పడిపోయిన స్క్రూ తీసి ఆయన ముందు పెట్టాను. ఆయనే మళ్ళీ అన్నాడు.

"నా కుట్టు కుడినుంచి ఎడమకి పోతుంది. పొద్దున వచ్చి చూస్తే ఎడమనుంచి కుడికి ఉండేది. మన షెడ్డులో ఎడంచేతివాడు ఎవడురా? దెయ్యమా?"

"మొదటినుంచీ తెలుసా?"

"మొదటి పైపునుంచీ."

"ఎందుకు ఊరుకున్నావు బావా?"

"నువ్వు అంత అవస్థపడి దాస్తున్నావు. పట్టుకుంటే నీ మొహం ఎలా పెట్టుకుంటావో అని. అదీ కాక..." అని ఆగాడు. "అదీ కాక, నువ్వు ఏమీ అననంతకాలం టార్చి నా చేతిలోనే ఉండేదిగా. అందుకే, నువ్వు ముగించుకునేదాకా రాకూడదని ఆ సందు మొగలో కూర్చునేవాణ్ణి. ఒక టీ, ఇంకో టీ. నువ్వు నిదానం కదా, ఒక్కోరోజు మూడోది కూడా తాగాల్సొచ్చేది."

"అందుకా మీకు కడుపులో మంట!" అని అక్క గట్టిగా అరిచింది. "నేను వంటలో కారం తగ్గించుకుంటూ చస్తున్నాను! మీ మూలంగా ఇంట్లో అందరం చప్పిడి తింటున్నాం!"

నవ్వొచ్చింది. నవ్వే ఓపిక మాత్రం ముగ్గురిలో ఎవరికీ లేదు. నేను పొద్దున్నే వెళ్ళి అలిసిపోయాను. ఆయన పొద్దున్నే వెళ్ళకుండా అలిసిపోయాడు.

"రేపు రా బావా," అన్నాను.

"వచ్చి?"

"మూడో పైపుకి ఇంకో దారి చూడాలి. ఇంజను లేచాక కింద చోటు లేదు. మధ్యాహ్నమంతా చూశాను. నాకు కనబడట్లేదు."

ఆయన నా మొహంలోకి పరీక్షగా చూశాడు, జాలిపడి పిలుస్తున్నానా అని. జాలి కాదు. నాకు నిజంగానే కనబడలేదు. అది ఆయనకి అర్థమైనట్టుంది. "రాడ్డు పైనుంచి చూశావా?" అన్నాడు.

"పైన స్టార్టరు మోటారుంది."

"దాని వెనకనుంచి?"

వెనకనుంచి చూడలేదు.

"అక్కడ తీగ పెట్టి చూడు," అని మళ్ళీ ఫ్యాను రెక్క చేతిలోకి తీసుకున్నాడు. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

పందెం సంగతి ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే మీరు అదే అడుగుతారు. డాక్టరుగారు గెలవలేదు. ఆయన తోడల్లుడూ గెలవలేదు. తోడల్లుడి కారు సగం కొండలో వేడెక్కి ఆగిపోతే, డాక్టరుగారు తన కారు ఆపి ఆయన్ని ఎక్కించుకుని పైకి తీసుకెళ్ళారు. ఇద్దరు మనుషుల బరువుతో కూడా మూలుగు లేకుండా ఎక్కిందట. "అత్తగారేమన్నారు?" అంటే, "డబ్బా అయినా బాగానే లాగిందే అంది," అన్నారు. ఆయనకి అదే పెద్ద బహుమతి.

నాకు గుర్తుండేది మాత్రం, బావ ఇంటికి వెళ్ళొచ్చిన మర్నాడు. నేను మామూలుకంటే ఆలస్యంగా లేచాను. లేవలేక. షెడ్డుకి వెళ్ళేసరికి షట్టరు ఎత్తేసి ఉంది. బావ బానెట్టులో తల దూర్చి ఉన్నాడు. చేతిలో కట్టుతీగ. రాడ్డు పైనుంచి, స్టార్టరు మోటారు వెనకనుంచి తిప్పి తెచ్చేశాడు. వంపు ఎంత అందంగా ఉందంటే, ముందు చేసిన దారి తప్పనిపించింది.

"పొడుగు మారదా?"

"మారదు. కింద ఆ మూల కొంచెం కొయ్యి, సరిపోతుంది."

కోసి, కారు మీద చుక్కలు అంటించి, విప్పి బల్ల మీద పెట్టాను. ఆయన తొడుగులు నిన్న పెట్టిన చోటే, బల్ల చివర ఉన్నాయి. వాటికేసి చూశాడు. నేను పక్కకి తిరిగి, గుడ్డ ముక్కేదో వెతుకుతున్నట్టు నటించాను. తొడుగులు వేసుకున్న చప్పుడు వినిపించింది. టార్చి తీసుకుంటాడనుకున్నాను. తీసుకుంటే ఊరుకుందామనే నిశ్చయించుకున్నాను. రేపు పొద్దున్నే మళ్ళీ లేద్దాం, ఏమైంది.

"ఇటు రా," అన్నాడు. టార్చి నాకేసి జరిపాడు. "నువ్వు వెయ్యి. నేను పైపు పట్టుకుంటాను. రెండు చేతులూ బల్లకి ఆనిస్తే వణకవు."

ఆనించాడు. వణకలేదు. కొంచెం వణికినా ఆ వణుకుని బల్ల మింగేసింది. నేను ముసుగు దించి ఎడమనుంచి మొదలుపెట్టాను. ఆయన ముసుగు నా ముసుగుకి తగిలేంత దగ్గరగా ఉంది. ఊపిరి వినబడుతోంది.

"పో... పో... ఆగకు... ఇప్పుడు తిప్పుతున్నాను, నాతో రా..."

పైపు నెమ్మదిగా తిరుగుతోంది. చిన్నప్పుడు నా ఎదురుగా నిలబడి నేర్పినప్పటి గొంతే, కాకపోతే బాగా అరిగిపోయింది. నా మెడ నొప్పి భుజంలోకి దిగింది. వంపు దగ్గర ఒక్క క్షణం నా చెయ్యి నిలిచిపోయింది. కుట్టు అక్కడ ఉబ్బింది. ఆయన చూడలేదేమో అనుకుని ముందుకి పోబోయాను.

"ఆగు," అన్నాడు బావ, ముసుగెత్తి. "అక్కడ కోసి మళ్ళీ వెయ్యి. రేపు పొద్దున కాదు. ఇప్పుడే."